పడవతో చెప్పిన మాటలు

‘ఒంటిరేవు’ నాటకం తొలిపాట నాది కాదు. ఈ ఒక్క వాక్యం రాసేస్తే మిగతాది తేలికవుతుందనుకున్నాను. కాలేదు. అయినా రాస్తున్నాను.

ఏలూరులోనూ చుట్టుపక్కల ఊళ్ళలోనూ నాటకాలాడే వాళ్ళకి నా పేరు కొంచెం తెలుసు. దేవసహాయం మాస్టారు, హార్మోనియం. పాతికేళ్ళకి పైగా సంగీత నాటకాలకి బాణీలు కట్టాను. ఎడమ భుజం పట్టేసి తిత్తి కొట్టడం కష్టమయ్యాక, యాభై ఆరేళ్ళకే పెట్టె మూసేశాను. అప్పటినుంచి ఈ పనిలోకి వచ్చే కుర్రవాళ్ళు ఇంటికి వస్తున్నారు. బాణీ ఎలా కట్టాలి, కోరస్‌ని ఎలా నిలబెట్టాలి అని అడుగుతారు. చివరికి అందరూ ఆ తొలిపాట దగ్గరికే వస్తారు. “వెలివేసిన మనిషి గురించి అలాంటి పాట ఎలా రాశారండీ?” అంటారు. ఇన్నాళ్ళూ నవ్వి ఊరుకున్నాను. ఊరుకోవడం కూడా అబద్ధమే.

సన్మానాల సంగతి, ఎవరెవరి పక్కన వాయించానన్న సంగతి ఇక్కడ రాయను. అవి మీకు పనికిరావు. ఒక పాట గురించి, దాన్ని నేనేం చేశానన్న దాని గురించి మాత్రం రాస్తాను.

మొదటి పాటప్పుడు జనం ఏం చేస్తారు

హార్మోనియం మా నాన్న దగ్గర నేర్చుకున్నాను. కామవరపుకోట దగ్గర మా పల్లెలో చర్చి పెట్టె ఆయనే వాయించేవాడు. నాటకం పని మాత్రం తాడేపల్లిగూడెంలో సూరిబాబు గారి దగ్గర నేర్చుకున్నాను. ఆయన నన్ను శిష్యుడిగా తీసుకున్న మొదటి మూడు నెలలూ పెట్టె ముట్టుకోనివ్వలేదు. నోటుబుక్కు ఇచ్చి జనంలో కూర్చోబెట్టేవారు.

“మొదటి పాట అవుతున్నంతసేపూ స్టేజీ వైపు చూడకు. జనం ఏం చేస్తన్నారో రాసుకురా” అన్నారు.

రాసుకెళ్ళాను. ఒకాయన చెప్పు వెతుక్కుంటున్నాడు. ఒకావిడ పిల్లని పిలుస్తోంది. ఇద్దరు కుర్చీ కోసం గొడవ పడుతున్నారు. మూడో చరణం వచ్చేసరికి గానీ తలలన్నీ ముందుకి తిరగలేదు. ఏ ఊళ్ళో చూసినా అంతే.

“చూశావా? మొదటి రెండు చరణాల్లో ఏం చెప్పినా గాల్లో కలిసిపోద్ది. అక్కడ కబుర్లు పెట్టు. కొట్టాల్సిన దెబ్బ మూడోదాంట్లో కొట్టు” అన్నారు గురువుగారు.

ఇంకో మాట కూడా చెప్పారు. అప్పట్లో నాకది అర్థం కాలేదు. “మొదటి పాట అయ్యేలోపు జనం కథలో తామెవరో తేల్చేసుకుంటారురా. ఎవరి పక్కన కూర్చోబెడతావో జాగర్త. తర్వాత లేపలేవు.”

ఊరూ, రేవూ, కట్టుబాటూ

‘ఒంటిరేవు’ రాసింది, ఆడించింది ప్రసాదరావు గారు. ఏలూరులో బ్యాంకు ఉద్యోగం చేసుకుంటూ నాటక సమాజం నడిపేవారు. కొల్లేటి ఊళ్ళో వెలిపడిన ఒక ఆడమనిషి కథ అది. కోరస్‌కి ఏలూరు గొంతులు వద్దు, నీళ్ళ మీద పాడి అలవాటున్న గొంతులు కావాలన్నారు. కొల్లేటికోట అవతల ఒక లంకలో మంచి భజన బృందం ఉందని తెలిసి నన్ను పంపారు. ఆ లంక పేరు రాయను. ఇప్పుడక్కడ చాలామంది కొత్త మనుషులు. పాత నింద వాళ్ళ మీద పడకూడదు.

రెండు నెలలపాటు ప్రతి ఆదివారం వెళ్ళి పది మందికి పాటలు నేర్పాను. ఊరికి పెద్దరేవు ఒకటుంది. దానికి వంద గజాల దూరంలో, కిక్కిస గడ్డి పొద పక్కన, ఒక్క చెక్క వేసిన చిన్నరేవు ఇంకోటుంది. అక్కడ ఒక దోనె కట్టి ఉండేది. మొదటి ఆదివారమే ఒక వింత చూశాను. బిందె చంకనెత్తుకున్న ఆవిడ గట్టు మీద నడుస్తూ ఆ దోనె దగ్గర ఆగి, దానితో మాట్లాడింది.

“పడవా, పైన మబ్బేసింది. కప్పు మీద తాడు బిగించుకోవాలేమో చూసుకో” అని వెళ్ళిపోయింది. దోనె వెనక, గుడిసె చూరు కింద, ఒక మనిషి కూర్చుని వల బాగుచేసుకుంటోంది. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.

ఇదేంటని భజన బృందంలో ఒకాయన్ని అడిగాను.

“ఆవిడ వెలిలో ఉందండి. మరిది ఇంటి స్థలం కలిపేసుకున్నాడని పెద్దల్ని దాటి స్టేషన్‌కి వెళ్ళిపోయింది. మనిషితో మాట్లాడకూడదని కట్టుబాటండి.”

“మరి పడవతో?”

“పడవతో మాట్లాడకూడదని కట్టుబాటులో లేదు గదండీ” అని నవ్వాడు.

ఆవిడ పేరు నాంచారమ్మ. అప్పటికి నలభై దాటి ఉంటుంది. భర్త పోయాడు, పిల్లల్లేరు. రెండేళ్ళుగా ఊళ్ళో ఒక్కరూ ఆమెని పేరు పెట్టి పిలవలేదు. పెద్దరేవులో దిగనివ్వలేదు. కానీ ఆమె చెవినపడాల్సిన కబుర్లన్నీ పడవకీ, కుండకీ, గుంజ మీద వాలిన కొంగకీ చెప్పి పోయేవారు. కట్టుబాటు పెట్టిన ఊరిపెద్ద వెంకటరత్నం గారే ఒకరోజు నా కళ్ళముందు కొంగని ఆపి, “జ్వరాలు తిరుగుతున్నాయి, నీళ్ళు కాచుకుని తాగమను” అని చెప్పి వెళ్ళారు. ఆయన చెడ్డమనిషి కాదు. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి. దీనిమీదే నేను పెద్ద తప్పు చేశాను.

నేను ఆ ఊరివాణ్ణి కాదు. నాకా కట్టుబాటు లేదు. రెండో ఆదివారం వెళ్ళి ఎదురుగా నిలబడి, “నాంచారమ్మ గారూ, బాగున్నారాండీ?” అన్నాను. ఆమె వల కింద పెట్టి, చేతులు తుడుచుకుని అప్పుడు పలికింది.

“ఆయ్. బాగున్నానండి.” కొంచెం ఆగి, “మళ్ళీ ఒకసారి అనండి మాస్టారూ” అంది.

మళ్ళీ అన్నాను.

మాటల్లో ఆమెకి పాట వచ్చని తెలిసింది. దోనె మీద గెడ వేసుకుంటూ వెళ్ళేటప్పుడు ఒక పాట కట్టుకుందట. ఊరివాళ్ళు పడవతో చెప్పిన మాటలే ఏరి గుచ్చింది. గెడ దింపడం, తొయ్యడం, లేపడం, అదే దాని లయ.

పడవా పడవా విన్నావా
పైన మబ్బు పట్టిందంట
తాటాకు కప్పు తడిసేలోగా
తాడు బిగించి కట్టాలంట

కుండా కుండా విన్నావా
కోటలో జాతర రేపేనంట
కొత్త కోక ఉంటే కట్టి
దూరాన్నుంచి చూడొచ్చంట

కొంగా కొంగా విన్నావా
చెల్లెలి పిల్లకి పెళ్ళంటా
పిలవలేదని అనుకోవద్దు
పందిరి ఇటేపే వేశారంట

మొదటి చరణానికి నవ్వొచ్చింది. రెండోదాని చివర నవ్వు ఆగింది. మూడోది విన్నాక నేను నీళ్ళవైపు చూస్తూ కూర్చుండిపోయాను. గురువుగారు చెప్పిన లెక్క ఎవరూ నేర్పకుండానే ఆమెకి తెలుసు. ఇంకో సంగతి కూడా ఉంది. ఆ పాటలో ఎక్కడా ఏడుపు లేదు. వెలి అన్న మాటే లేదు. పాడేది ఆమె అయినా గొంతులు ఊరివి. మంచి మనుషులవి. ఆ మంచితనం వింటుంటేనే వెన్ను చల్లబడుతుంది.

మూడో చరణం తర్వాత రాగం పైకి లేచి, ఒక చోట నిలబడి, ఆగిపోయేది. అక్కడ మాటేమీ లేదు. గెడ నీళ్ళలోంచి పైకి లేచినంతసేపు ఖాళీ.

“అక్కడ ఏదైనా మర్చిపోయారాండీ?” అన్నాను.

“లేదండి. అక్కడ నా పేరుండాలి. వాళ్ళన్న మాటలే గదండీ పాటంతా. ఎవరూ అనని మాట నేనెలా పెడతాను?”

పాటని బాగుచేశాననుకున్నాను

ఈ పాటని నాటకంలో తొలిపాటగా పెట్టుకుంటామని అడిగాను. ఒప్పుకుంది. ఒక్కటే కోరింది.

“నేను స్టేజీ ఎక్కనండి. తెర లేచేముందు మైకులో పేర్లు చదువుతారంట గదా. నా పేరు కూడా ఒకసారి అనిపించండి. మా ఊరోళ్ళు అక్కడే ఉంటారు. వాళ్ళు అనకపోయినా వింటారు.”

మాటిచ్చాను.

పాట పట్టుకుని ఏలూరు వెళ్ళాక దాన్ని బాగుచెయ్యడం మొదలుపెట్టాను. ఇందులో దుఃఖం పైకి రావట్లేదనిపించింది. జనానికి అర్థమవదేమోనని భయం. ప్రసాదరావు గారు కూడా, “బాధ కనిపించాలి మాస్టారూ, పోటీ నాటకం ఇది” అన్నారు. జాతర చరణం తీసేసి, ఊరు ఆమె మీద దుమ్మెత్తిపోసే చరణం ఒకటి పెట్టాను. పెళ్ళిపందిరి చరణంలో ‘పిలవలేదని అనుకోవద్దు’ అన్నది పోయి ‘తరిమేశారు’ అన్నది వచ్చింది. చివర ఖాళీ ఉందే, అక్కడ పది గొంతులూ ఒక్కసారిగా ‘అభాగినీ’ అనేలా చేశాను.

పేరుండాల్సిన చోట జాలి పెట్టాను. రిహార్సల్లో అందరి కళ్ళూ చెమర్చాయి. నా భుజం నేనే తట్టుకున్నాను.

ఈ వెలి గురించి నాకు తెలియదని చెప్పుకునే వీలు కూడా లేదు. మా తాతకి టీకొట్టులో వేరే గ్లాసు ఉండేది. దాన్ని చూరులో దోపేవారట. ఆ కొట్టువాడు రాక్షసుడని మా తాత ఎప్పుడూ అనలేదు. “మనిషి మంచోడేరా, జ్వరం వస్తే మాత్ర కూడా ఇచ్చాడు. గ్లాసు మాత్రం అదే” అనేవాడు. ఆ మాట నాంచారమ్మ పాటలో ఉంది. నా పాటలో లేదు. మా ఇంట్లో మూడు తరాలుగా ఉన్న అనుభవాన్ని కూడా, చప్పట్లు పడవేమోనని పక్కన పెట్టేశాను.

మైకులో పేర్లు

పోటీ ఏలూరులో. మాకు మధ్యాహ్నం ఆట పడింది. లంక నుంచి కోరస్ వాళ్ళు పది మంది పొద్దున్నే వచ్చేశారు. వాళ్ళతోపాటు వెంకటరత్నం గారు, ఇంకో ఇద్దరు పెద్దలు. నాంచారమ్మ విడిగా బస్సులో వచ్చింది. ఉతికిన నీలం చీర కట్టుకుంది. మేకప్ గదిలో దుస్తుల పెట్టె మీద ఒక మూలగా కూర్చుంది. కోరస్ వాళ్ళు రెండో మూలన కూర్చున్నారు. ఇద్దరు ఆడవాళ్ళు ఆమె వెనకున్న అద్దంతో, “చీర బాగుంది, ఎక్కడ కొన్నారో” అన్నారు.

ఆటకి అరగంట ముందు వెంకటరత్నం గారు ప్రసాదరావు గారి దగ్గరికొచ్చారు. నేను పక్కనే ఉన్నాను.

“ఏవండీ, ఒక చిన్న మనవండి” అన్నారు, చాలా మెల్లగా. “ఆవిడ పేరు మైకులో వస్తదంటన్నారు. పదిమందిలో పేరు పిలిస్తే కట్టుబాటు మేమే తీసేసినట్టవుద్దండి. మావాళ్ళు ఆ తర్వాత స్టేజీ ఎక్కలేరు. తప్పుగా అనుకోకండి.”

“ఎక్కలేరంటే ఎలాగండీ? వాళ్ళు రెండు నెలలు కష్టపడ్డారు.”

“అందుకేనండీ చెబుతున్నాను. మీరు పెద్దవారు, ఆలోచించండి.”

ఆయన వెళ్ళిపోయాక ప్రసాదరావు గారు నావైపు తిరిగారు. “తొలిపాట లేకపోతే నాటకం లేదు మాస్టారూ. ఆవిడకి మీరే చెప్పాలి. మీ మాటైతే వింటుంది.”

అప్పుడు నేను ‘చెప్పను’ అనొచ్చు. కోరస్ లేకుండా నేనొక్కణ్ణే పెట్టె వాయిస్తూ పాడొచ్చు. ఆ పాటకి ఒక్క గొంతు చాలు, పుట్టిందే ఒక్క గొంతులో. ఇవన్నీ తర్వాత తోచాయి. అప్పుడు తోచింది ఒకటే, పోటీ పోతుందని.

ఆమె దగ్గరికెళ్ళాను. తలెత్తి చూసింది. ఆ మొహంలోకి చూస్తూ చెప్పలేకపోయాను. పక్కనే నా హార్మోనియం ఉంది. దాని ముందు కూర్చుని, తిత్తి కొక్కెం తీస్తూ అన్నాను.

“పెట్టే, ఇవాళ మైకులో పేర్లు ఎక్కువైపోయాయంట. ఒక పేరు తగ్గించమంటున్నారు. ఏమనుకోకు.”

ఆ మాట నా నోట్లోంచి ఎలా వచ్చిందో చాలాసార్లు ఆలోచించాను. ఆ ఊళ్ళో వాళ్ళు పడవతో మాట్లాడింది ఆమెకి కబురు చెప్పాలని. మాట్లాడే దారి మూసేస్తే సందు వెతుక్కున్నారు. నాకు ఏ దారీ మూసి లేదు. ఎదురుగా నిలబడి మాట్లాడిన ఒకే ఒక్కణ్ణి నేను. ఆ ఒక్కణ్ణీ వెళ్ళి ఆ వరసలో నిలబడ్డాను.

ఆమె సంచిలోంచి ఒక పొట్లం తీసి హార్మోనియం మీద పెట్టింది. నా కోసం తెచ్చిన ఎండురొయ్యల పొడి.

“పెట్టే, నువ్వూ మా ఊరిదానివేనేంటి?” అంది. “ఇన్నాళ్ళూ నాకు తెలీలేదు.”

చెప్పులు తొడుక్కుని బస్టాండు వైపు వెళ్ళిపోయింది. తెర లేచేముందు మైకులో పేర్లు చదివారు. “తొలిపాట రచన, సంగీతం, దేవసహాయం మాస్టారు” అన్నారు. నా పేరు అలా వెయ్యమని నేను చెప్పలేదు. తప్పని కూడా చెప్పలేదు.

ముందు వరసలో కన్నీళ్ళు

నాటకానికి బహుమతి వచ్చింది. తొలిపాటకి విడిగా ఇంకోటి. దానికంటే మీరు తెలుసుకోవాల్సింది వేరే ఉంది.

పాట అవుతుంటే ముందు వరసలో వెంకటరత్నం గారు ఏడ్చారు. నిజంగా ఏడ్చారు. కండువాతో కళ్ళు తుడుచుకుంటూనే ఉన్నారు. ఆట అయ్యాక వచ్చి నా రెండు చేతులూ పట్టుకున్నారు.

“ఏం పాటండీ మాస్టారూ! గుండె పిండేశారు. అలా దుమ్మెత్తిపోసి తరిమేసే దుర్మార్గపు ఊళ్ళు కూడా ఉంటాయాండీ?”

నేను ఆయన మొహంలోకి చూశాను. నటన లేదు. ఆయనెప్పుడూ ఎవరిమీదా దుమ్ము పొయ్యలేదు. ఎవర్నీ తరమలేదు. కొంగతో మర్యాదగా మాట్లాడారంతే. నా పాటలోని ఊరు ఆయన ఊరు కాదు. అందుకని హాయిగా ఏడ్చి, మనసు తేలికపడి ఇంటికి వెళ్ళారు.

నాంచారమ్మ పాటే పాడి ఉంటే? ఆయనకి ‘నీళ్ళు కాచుకుని తాగమను’ లాంటి తన మాటే స్టేజీ మీంచి వినిపించేది. మొదట నవ్వేవారు. మూడో చరణానికి మొహం ఎక్కడ దాచుకోవాలో తెలిసేది కాదు.

వెలివేతల గురించి పాట కట్టే వాళ్ళందరికీ నేను చెప్పేది ఇదే. చూసేవాణ్ణి వెలిపడ్డవాడి పక్కన కూర్చోబెడితే వాడు ఏడుస్తాడు. ఏడ్చి, నేను మంచివాణ్ణి అనుకుంటాడు. ఊరి మధ్యలో కూర్చోబెట్టండి. తను రోజూ మాట్లాడే మాటలు, ఆ గొంతుతోనే వినిపించండి. దుర్మార్గులు చేసే పనైతే వెలి రెండు రోజులు కూడా నిలవదు. మంచివాళ్ళు మర్యాదగా పాటిస్తారు కాబట్టే అన్నేళ్ళు నిలుస్తుంది. గురువుగారు ‘ఎవరి పక్కన కూర్చోబెడతావో జాగర్త’ అన్నది దీని గురించే. నేను జనాన్ని తప్పు కుర్చీలో కూర్చోబెట్టాను. ఆ కుర్చీలోంచి లేవకుండానే ఇన్నేళ్ళు చప్పట్లు కొట్టారు.

‘అభాగినీ’ దగ్గర ఆగిపోయిన అమ్మాయి

ఆ తర్వాత ఎన్ని ఊళ్ళలో ఆ పాట వాయించానో! లంకకి మాత్రం మళ్ళీ వెళ్ళలేదు. ఎండురొయ్యల పొడి పొట్లం విప్పలేదు. పారెయ్యనూ లేదు. చివరికి మా ఆవిడ పారేసింది.

పోయిన నెల తాడేపల్లిగూడెం నుంచి ప్రశాంతి అనే అమ్మాయి వచ్చింది. కాలేజీలో పాఠాలు చెబుతుంది. విద్యార్థులతో ‘ఒంటిరేవు’ మళ్ళీ ఆడించాలనుకుంటోంది. అనుమతి అడిగి, కాసేపు నసిగింది.

“మాస్టారూ, తప్పుగా అనుకోనంటే ఒకటి అడుగుతానండి. చివర ‘అభాగినీ’ దగ్గర మా పిల్లలు ఎన్నిసార్లు పాడినా తేడాగా వస్తోందండి. అక్కడ రాగం మొదటి అక్షరం మీద నిలబడాలంటోంది. పొట్టి ‘అ’ మీద ఎంతసేపని నిలబడతారు? ఆ చోట మొదట్లో వేరే మాటేదైనా ఉండేదాండీ?”

ఇన్నేళ్ళలో ఎంతమంది విద్వాంసులు విన్నారు ఆ పాట! ఎవరికీ ఆ అతుకు కనిపించలేదు. నేను అంతకుముందెప్పుడూ చెయ్యని పని చేశాను. అక్కడ నాంచారమ్మ అని పెట్టి, చిన్నగా పాడి చూశాను. మొదటి అక్షరం మీద రాగం ఎంతసేపు కావాలంటే అంతసేపు నిలబడింది. కొలిచి కుట్టిన జాకెట్టులా సరిపోయింది.

“ఎవరండీ ఆవిడ?” అంది ప్రశాంతి.

ఆ సాయంత్రం అంతా చెప్పాను. ఆ అమ్మాయి నన్ను తిట్టలేదు, ఓదార్చలేదు. “కరపత్రం ఇంకా అచ్చుకి ఇవ్వలేదండి. పేరు మార్చి నమూనా ఒకటి తీయిస్తాను. మీరు వెళ్ళి ఆవిణ్ణి అడిగి రండి” అంది. “మైకులో పేర్లు కూడా మీరే చదవాలి” అని కూడా అంది.

బాతుకి చెప్పించిన జవాబు

ఇప్పుడు లంకదాకా ఆటో వెళ్తుంది. వెలి ఎత్తేసి చాలా ఏళ్ళయిందట. వెంకటరత్నం గారు పోయారు. నాంచారమ్మ మాత్రం ఆ చిన్నరేవు దగ్గరే ఉంది. బాతుల్ని పెంచుకుంటోంది. జుట్టంతా నెరిసింది. నేను గట్టు దిగుతుండగానే గుర్తుపట్టింది. మొహం తిప్పుకోలేదు. నావైపు చూడనూ లేదు. కాళ్ళ దగ్గరున్న బాతుతో మాట్లాడింది.

“బాతా, వచ్చినాయనకి ఎండగా ఉందేమో. చూరు కిందకొచ్చి కూచోమను.”

కూర్చున్నాను. నేను మాత్రం ఎదురుగానే మాట్లాడాను. మేకప్ గదిలో చేసిన పని తప్పని చెప్పాను. ఆ పాట నా పేరు మీద ఊరూరా తిరిగిందని చెప్పాను.

“ఇన్నేళ్ళూ ఈ దారి తెలీలేదేంటో అడుగు, బాతా.”

“తెలుసండి. సిగ్గేసి రాలేదు.”

“సిగ్గు తనకేస్తే, పేరు నాది పోవాలేంటో అడుగు.”

నేను కరపత్రం తీసి చదివాను. ‘తొలిపాట: మోరు నాంచారమ్మ.’ కోరస్ వాళ్ళ నోట విన్న ఇంటిపేరే రాయించాను. బాతులకి నూకలు చల్లుతున్న ఆమె చెయ్యి ఆగింది.

“బాతా, అది మా మరిది ఇంటిపేరు. నన్ను బైటికి తోసింది ఆ ఇల్లే. ఈయన మళ్ళీ నన్ను పట్టికెళ్ళి అందులోనే పెడుతున్నాడు.”

“మీ నాన్నగారి ఇంటిపేరు ఏంటండీ?”

“ముత్యాల అని చెప్పు.”

పెన్ను తీసి కొట్టేసి, ‘ముత్యాల నాంచారమ్మ’ అని రాశాను. గట్టిగా చదివాను. ఆమె నూకలు చల్లడం మళ్ళీ మొదలుపెట్టింది. ఆట రోజు తాడేపల్లిగూడెం వస్తారా అని అడిగాను. మైకులో పేరు నేనే చదువుతానని చెప్పాను.

“బాతులకి మేత ఎవరేస్తారో” అంది. రానని మాత్రం అనలేదు.

చివరికి అసలు సంగతి అడిగాను. నేను తీసేసిన జాతర చరణం నాకు సగమే గుర్తుంది. పాట మొత్తం ఒకసారి మళ్ళీ వినిపించమన్నాను. ఆమె నీళ్ళవైపు తిరిగి, బాతుల్ని చూస్తూ ఎత్తుకుంది. గొంతు బొంగురుపోయింది, లయ మాత్రం చెక్కుచెదరలేదు. పడవ చరణం అయ్యింది. కుండ అయ్యింది, దూరాన్నుంచి చూడొచ్చంట. కొంగ అయ్యింది, పందిరి ఇటేపే వేశారంట. రాగం పైకి లేచింది. నిలబడింది. ఆగింది.

ఖాళీ.

ఈసారి ఆ ఖాళీ నాకోసమే ఆగి ఉంది. అక్కడ ఎవరో ఒకరు అనాలి. పెట్టె లేదు పక్కన, శ్రుతి పట్టుకోవడానికి. గొంతు విప్పి, రాగం ఎక్కడ ఆగిందో అక్కడే అందుకుని, “నాంచారమ్మా” అని పాడాను. పెద్దరేవులో బట్టలుతుకుతున్న ఇద్దరు చెయ్యి ఆపి ఇటు చూశారు.

ఆమె నావైపు తిరిగింది. సూటిగా నా మొహంలోకి చూసింది.

“శ్రుతి తగ్గిందండీ, మాస్టారూ” అంది.

గొంతు సవరించుకుని మళ్ళీ అందుకున్నాను.